జావలో మెతుకు

"ఎన్ని ఊళ్లు చూశావు?"
టిబిలిసిలో, మూడో అంతస్తు గదిలో
కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగాడు ప్రొఫెసర్.
"ఒకటి" అంది నెస్తాన్.
"ఒక్కటేనా?"
"పదకొండు నెలలు."

ఆయన అడిగింది లెక్క. ఆమె చెప్పింది కాలం.
ఒక తక్కెడలో తూగేవి కావు రెండూ.

మాంగనీసు గని మూతపడ్డ లోయ అది.
ఈ కొండ నుంచి ఆ కొండకి
తీగ మీద వేలాడుతూ పోయే ఇనుప పెట్టె.
దాన్ని నడిపే గులీకోకి అరవై రెండేళ్లు.
తలుపు గొళ్లేనికి ఒక గుడ్డ సంచీ,
సంచీలో నీలి అట్ట పుస్తకం.
ఎవరింట చావొస్తే ఎంత ఇచ్చారు,
చలికాలం కట్టెలకి ఎంత,
ఎవరు తీర్చారు, ఎవరు ఇంకా తీర్చలేదు.
సంతకాల్లేవు. వేలిముద్రల్లేవు.

అంతకు ముందు ఏడు సర్వేవాళ్లు వచ్చి వెళ్లారు.
"ఇరుగుపొరుగును నమ్ముతారా?"
పదిమందిలో ఎనిమిది మంది "లేదు" అన్నారట.
గులీకో కూడా అంది.
"మరి అప్పెలా ఇస్తావు?"
"నమ్మకం ఎవడిక్కావాలి?
వాడి వంటింటి కిటికీ నా పెట్టెలోంచి కనిపిస్తుంది.
పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలుసు.
నాకు తెలుసని వాడికీ తెలుసు."

ఈ నాలుగు మాటల కోసం
నెస్తాన్ నూట నలభైసార్లు లోయ దాటింది.
నూట ముప్పయ్యెనిమిదిసార్లు
గులీకో వాతావరణం గురించి మాట్లాడింది.
ఏ పట్టికలో, ఏ గడిలో
పట్టిస్తావు ఆ కిటికీని?

కానీ పక్క లోయ ఉంది.
అక్కడా గని మూతపడింది.
అక్కడా తీగ, అక్కడా పెట్టె,
అక్కడా పుస్తకం, కాకపోతే ఎర్ర అట్ట.
పుస్తకం పట్టిన ఎల్గుజా
ఒక మార్చి తెల్లవారుజామున
డబ్బంతా మూటగట్టి బటూమి బస్సెక్కాడు.
కిటికీలన్నీ చూస్తూనే ఉన్నాయి.

నెస్తాన్ ఈ సంగతిని మొదట
పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో పెట్టింది.
తర్వాత కొట్టేసింది.
రెండు రాత్రులు నిద్రపోలేదు.
మూడో రోజు తెచ్చి మొదటి అధ్యాయంలో పెట్టింది.

ఇంకా ఉంది.
నీలి పుస్తకంలో ఒక పేజీ చింపి ఉంది.
ఆ పేజీలో ఎవరు? ఎందుకు?
గులీకో వేసిపెట్టిన చెర్రీ మురబ్బా చప్పరిస్తూ
అడగలేకపోయింది.
ఉప్పు తిన్న ఇంట్లో
ఉప్పెంతుందో కొలవడం కష్టం.

ఊరికి మారుపేరు పెట్టింది, మనుషులకి పొడక్షరాలు.
ఏం లాభం, సంతలో టమాటాలమ్మే కుర్రాడు కూడా పోల్చేశాడు.
గులీకో ఫోన్ చేసింది:
"నన్ను 'గ' అన్నావటగా.
నా పేరుకేం రోగమొచ్చింది?"

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం మనం.
ఒకే కుండ, ఒకే ఎసరు, ఒకే మంట అయితే సరే.
ఆ లోయలో పొయ్యి మీదుండేది
మొక్కజొన్న జావ.
చెక్క గరిటెతో గంటసేపు తిప్పుతారు.
వేళ్ల మధ్య నలిపి చూడటానికి మెతుకేదీ?
గరిటె ఎప్పుడు బరువెక్కిందో
తిప్పిన చేయి చెప్పాలి.
అదైనా ఆ కుండ సంగతే.
పక్క పొయ్యి మీదేముందో
మూత తీసే చూడాలి.

ప్రొఫెసర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు.
చాలాసేపు పేజీలు తిప్పాడు.
"పన్నెండో నెల
ఎందుకు ఉండలేదు?"

నెస్తాన్ మంచినీళ్లు తాగి
చింపిన పేజీ గురించి చెప్పడం మొదలుపెట్టింది.